వీల్‌చైర్‌లో డిటెక్టివ్, పక్కన కొత్త ఎస్సై, చుట్టూ గోదావరి: వరుస హత్యల నవల రాసేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

అమలాపురం నుంచి, భీమవరం వైపు నుంచి, కాకినాడ నుంచి ఈమధ్య చాలామంది దాదాపు ఒకే కథ పట్టుకుని నన్ను అడుగుతున్నారు. నడవలేని ఒక అనుభవమున్న పోలీసు అధికారి, కొత్తగా ఉద్యోగంలో చేరిన ఒక ఎస్సై, ఇద్దరూ కలిసి వరుసగా మనుషుల్ని చంపుతున్నవాణ్ని వెతకడం. నేను వీల్‌చైర్ వాడతాను, క్రైమ్ కథలు రాస్తాను, గోదావరి నీళ్లు తాగి పెరిగాను. ఈ కథను మన డెల్టాలో పెట్టి ఎవరైనా బాగా రాయాలని నాకు చాలా ఆశ. అందుకే పదే పదే వచ్చే ప్రశ్నలకు నాకు తెలిసినంతలో జవాబులు రాస్తున్నాను.

మన గోదావరి జిల్లాల్లో సీరియల్ కిల్లర్ అంటే పాఠకులు నమ్ముతారా?

నమ్ముతారు. 2019 నవంబరులో ఏలూరు పోలీసులు ఒక వ్యక్తిని అరెస్టు చేశారు. 2018 ఫిబ్రవరి నుంచి 2019 అక్టోబరు దాకా, దాదాపు 20 నెలల్లో, అప్పటి కృష్ణా, తూర్పు గోదావరి, పశ్చిమ గోదావరి జిల్లాల్లో పది మందిని సైనైడ్‌తో చంపాడని పోలీసులు ఆరోపించారు. డబ్బు రెట్టింపవుతుందని, మహిమ గల నాణెం ఇప్పిస్తానని, రోగం తగ్గుతుందని నమ్మించి, ప్రసాదంలోనో మందులోనో కలిపి ఇచ్చేవాడని వాళ్లు చెప్పారు.

ఈ కేసులో నన్ను ఎక్కువగా కలవరపెట్టేది విషం సంగతి కాదు. చనిపోయిన వాళ్లలో చాలామందిది గుండెపోటు అనుకుని ఇంట్లోవాళ్లు అంత్యక్రియలు చేసేశారు. హత్య జరిగిందన్న ఆలోచనే ఎవరికీ రాలేదు. ఏలూరులో ఒక ఉపాధ్యాయుడు చనిపోయినప్పుడు ఆయన దగ్గరుండాల్సిన డబ్బు, బంగారం కనిపించలేదు. ఇంట్లోవాళ్లకు అనుమానం వచ్చి ఫిర్యాదు చేశాకే పాత చావులన్నీ ఒక్కొక్కటిగా బయటికొచ్చాయి.

మీ నవలకు అసలు బలం ఇక్కడే ఉంది. పల్లెటూళ్లలో హంతకుడు దాక్కునేది చీకట్లో కాదు, ‘పోనీలే, ఆయన టైం అయిపోయింది’ అనే మాట వెనక. ఎవరి చావును ఎవరూ ప్రశ్నించరో చూసుకునే వాడు మనిషిని ఎంచుకుంటాడు. మీ ఇద్దరు పోలీసులు ఆ ప్రశ్న వేసేవాళ్లు కావాలి. మిగతా జవాబులన్నీ నేను ఈ నమ్మకంతోనే రాస్తున్నాను.

ఎన్ని హత్యలు ఉంటే ‘సీరియల్’ అంటారు?

2005లో అమెరికాలో ఎఫ్‌బీఐ పిలిచిన నిపుణుల సమావేశం ఒప్పుకున్న నిర్వచనం ప్రకారం రెండు చాలు. ఒకే వ్యక్తి వేర్వేరు సందర్భాల్లో ఇద్దరినో అంతకన్నా ఎక్కువ మందినో చంపి ఉండాలి. కథకు నాలుగు దాటితే పాఠకుడికి మృతుల ముఖాలు గుర్తుండవు. ముగ్గురితో రాయండి, ముగ్గురినీ బతికించి చూపించండి.

ఒళ్లు దెబ్బతిన్నాక పోలీసు ఉద్యోగంలో ఉండనిస్తారా? మా హీరో రిటైర్ అయిపోవాల్సిందేనా?

అక్కర్లేదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 20వ సెక్షన్ ఏం చెబుతుందంటే, సర్వీసులో ఉండగా వైకల్యం వచ్చిన ఉద్యోగిని తీసెయ్యకూడదు, హోదా తగ్గించకూడదు. పాత పని చెయ్యలేకపోతే అదే జీతంతో వేరే పోస్టుకు మార్చాలి. అదీ కుదరకపోతే పదవీ విరమణ దాకా అదనపు పోస్టు సృష్టించి అందులో ఉంచాలి. అంతకుముందు 1995 చట్టంలోనూ ఇలాంటి రక్షణ ఉండేది. కాలు తీసేసిన ఒక కానిస్టేబుల్ విషయంలో, కునాల్ సింగ్ కేసుగా 2003లో వచ్చిన తీర్పులో, సుప్రీంకోర్టు దాన్ని గట్టిగా నిలబెట్టింది. కొన్ని బలగాలకు మినహాయింపులున్నాయి. కేంద్ర సాయుధ బలగాల్లో యుద్ధ విధుల పోస్టులకు 2021లో మినహాయింపు ఇచ్చారు. కాబట్టి మీ పాత్రను రాష్ట్ర పోలీసు శాఖలోనే ఉంచండి.

నా సలహా ఒకటే. ఆయన్ని జిల్లా క్రైమ్ రికార్డ్స్ బ్యూరోలో కూర్చోబెట్టండి. స్టేషన్లవాళ్లు దాన్ని డీసీఆర్‌బీ అంటారు. జిల్లాలోని అన్ని స్టేషన్ల నుంచి అనుమానాస్పద మృతులు, గుర్తు తెలియని శవాలు, తప్పిపోయిన మనుషులు, అన్నీ కాగితాల రూపంలో అక్కడికే చేరతాయి. ఏ స్టేషన్‌కి ఆ స్టేషన్ ఒక్క చావునే చూస్తుంది, పదిహేను స్టేషన్ల చావుల్ని పక్కపక్కన పెట్టుకుని చదివేవాడు ఈయనొక్కడే. ‘పనికిరాడని పక్కన కూర్చోబెట్టారు’ అని శాఖలో అందరూ అనుకునే కుర్చీలోంచే కేసు పుట్టడం నాకు ఎంతో న్యాయంగా అనిపిస్తుంది.

రిటైర్ అయిన మనిషిగానే రాయాలనుకుంటే, ఎస్సై ఆయనకి ఫైళ్లు చూపించొచ్చా?

అధికారికంగా చూపించకూడదు. కేస్ డైరీని నిందితుడికే అడిగే హక్కు లేదు, బయటివాళ్లకి అసలే లేదు. చూపిస్తే ఆ ఎస్సై మీద విచారణ పడుతుంది. ఆ భయాన్ని కథలో నిజంగా వాడుకోండి. ఎస్పీ దగ్గర నోటిమాటగా అనుమతి తీసుకోవచ్చు, లేదా ఆయన ఒకప్పుడు దర్యాప్తు చేసి మూసేసిన కేసు గురించి సాక్షిగా మాట్లాడొచ్చు. ఏదీ లేకుండా రోజూ ఆయన వరండాలో ఫైళ్లు పరిచేస్తే పోలీసు ఇళ్లవాళ్లు మొదటి పేజీలోనే పుస్తకం మూసేస్తారు.

ఏ రకమైన వైకల్యం రాస్తే బావుంటుంది? నేను ఏమేం తెలుసుకోవాలి?

2016 చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. వీల్‌చైర్ ఒక్కటే దారి కాదు. చూపు తగ్గిపోతున్న అధికారి కావచ్చు, వినికిడి పోయిన అధికారి కావచ్చు, పార్కిన్సన్స్‌తో చెయ్యి వణికే అధికారి కావచ్చు. ఏది ఎంచుకున్నా ఆ శరీరం రోజంతా ఎలా నడుస్తుందో తెలుసుకుని రాయండి. ఎక్కువమంది వీల్‌చైరే ఎంచుకుంటున్నారు కాబట్టి దాని గురించి వివరంగా చెబుతాను.

మన ప్రాంతంలో వెన్నుపాముకి దెబ్బ తగిలే కారణాలు వెతకడానికి కష్టపడక్కర్లేదు. కొబ్బరి దింపు తీసే మనిషి చెట్టు మీదినుంచి పడతాడు. ఏటిగట్టు మీద మలుపు తిరగక జీపు కాలువలోకి పోతుంది. పోలీసు పాత్రకు రెండోది సరిపోతుంది.

దెబ్బ ఎంత పైన తగిలితే అంత ఎక్కువ పోతుంది. మెడ దగ్గర తగిలితే చేతులూ పోతాయి, నడుము దగ్గర తగిలితే కాళ్లు పోతాయి, చేతులు బలంగానే ఉంటాయి. ఈ ఒక్క విషయం ముందే తేల్చుకోకుండా చాలామంది రాసేస్తున్నారు. రెండో అధ్యాయంలో చెయ్యి కదలని మనిషి ఏడో అధ్యాయంలో హంతకుడి చొక్కా పట్టుకుంటాడు.

స్పర్శ లేని చోట ఒత్తిడి పడితే పుండు పడుతుంది. అందుకని కుర్చీలో కూర్చున్న మనిషి పదిహేను నిమిషాలకో అరగంటకో ఒళ్లు కదిలించుకుంటూ ఉండాలి, చేతులు ఆనించి పైకి లేచి మళ్లీ కూర్చోవాలి. చాలామందికి మూత్రం తెలియదు, నాలుగైదు గంటలకోసారి కాథెటర్ పెట్టుకుని ఖాళీ చేసుకోవాలి. పడవలో గంటల తరబడి వెళ్లే సీన్ రాసే ముందు ఇది ఆలోచించండి. దెబ్బ కింద భాగానికి చెమట సరిగా పట్టదు, ఒళ్లు తనంతట తాను చల్లబడదు. మే నెల ఉక్కపోతలో, కరెంటు పోయిన మధ్యాహ్నం, అది ప్రాణం మీదికి వచ్చే సంగతి.

ఇంకొకటి ఉంది, ఇది చాలామంది డాక్టర్లు కానివాళ్లకు తెలియదు. వెన్నుపాము ఛాతీలో ఆరో పూస దగ్గరగానీ ఆ పైనగానీ దెబ్బతిన్నవాళ్లకు, మూత్రం గొట్టం మడతపడినా, కింద ఎక్కడో గాయమైనా, ఉన్నట్టుండి బీపీ విపరీతంగా పెరిగిపోతుంది. తల పగిలిపోయేంత నొప్పి, ముఖం ఎర్రబడి చెమటలు. వెంటనే నిటారుగా కూర్చోబెట్టి, బట్టలు వదులుచేసి, మడతపడ్డ గొట్టం సరిచెయ్యాలి, లేకపోతే మెదడులో రక్తస్రావమయ్యే ప్రమాదం ఉంది. మీ కొత్త ఎస్సై ఇది నేర్చుకున్న రోజు, భయపడకుండా ఆ గొట్టం సరిచేసిన రోజు, వాళ్లిద్దరి మధ్య ఉన్న మొహమాటం పోతుంది. నవలలో ఛేజింగ్ సీన్ కన్నా నేను దానికోసం ఎక్కువ ఎదురుచూస్తాను.

ఆయన మీద జాలి రాకుండా ఎలా రాయాలి?

ఆయనకి కోపం ఇవ్వండి, కోరికలివ్వండి, తిండి మీద ఇష్టమివ్వండి. పులస దొరికే రోజుల్లో ఎవరింట్లో వండారో వాసన పట్టేసే మనిషిని చెయ్యండి. ఒళ్లు పోయింది కాబట్టి బుర్ర పదింతలైందన్నట్టు రాయకండి. అలా జరగదు. ఆయన తెలివి ముందునుంచీ ఉన్నదే, కుర్చీలో కూర్చున్నాక కూడా ఉంది, అంతే. చచ్చిపోవాలనిపిస్తోందని మొదటి సీన్‌లోనే అనిపించే అలవాటు కూడా వదిలెయ్యండి. వీల్‌చైర్‌లో ఉన్నవాళ్లం చాలామందిమి పొద్దున్నే లేచి పేపర్ చదువుకుని పనికి వెళ్లే మనుషులం.

అడ్డంకుల్ని ఆయన ఒంట్లో వెతక్కండి, ఊళ్లో వెతకండి. స్టేషన్ ముందు మూడు మెట్లు ఉంటాయి, ర్యాంపు ఉండదు. ఉన్నా అది నిచ్చెనంత నిటారుగా ఉంటుంది. నేను ఒక కార్యాలయానికి సదరం సర్టిఫికెట్ (వైకల్య ధ్రువపత్రం) పని మీద వెళ్తే, వికలాంగుల విభాగమే మేడ మీద ఉంది. కింద ఎండలో కూర్చుని కాగితాలు పైకి పంపాను. ఇలాంటివి రాస్తే జాలి బదులు పాఠకుడికి కోపం వస్తుంది, ఆ కోపం న్యాయమైనది.

ఆయన ఘటనాస్థలానికి వెళ్లాలా, ఎస్సై ఫోన్‌లో చూపిస్తే చాలా?

రెండూ ఉండాలి. వీడియో కాల్‌లో ఎస్సై చూపించిన చోట్లన్నీ చూసి, ఒకే ఒక్కసారి ఆయనే స్వయంగా వెళ్లి తీరాల్సిన పరిస్థితి కల్పించండి. ఆ ప్రయాణం మొత్తం రాయండి. చేతులతో నడిపే కారులో గట్టు దాకా రావచ్చు. అక్కడినుంచి? కోటిపల్లి నుంచి ముక్తేశ్వరానికి, నరసాపురం నుంచి సఖినేటిపల్లికి పంటు, అంటే బల్లకట్టు పడవ, మీద బళ్లు కూడా దాటుతాయి కాబట్టి కుర్చీ ఎక్కించొచ్చు. కానీ నీటిమట్టం మారేకొద్దీ పంటుకీ రేవుకీ మధ్య వేసే బల్ల వాలు మారుతుంది. నది మధ్యలో ఉండే లంక గ్రామానికి నాటు పడవలో అయితే ఇద్దరు మనుషులు ఎత్తుకోవాలి.

ఎత్తుకోవడం గురించి ఒక మాట. అడగకుండా ఎవరూ ఎత్తకూడదు. ఎక్కడ పట్టుకోవాలో ఆయనే చెబుతాడు, వాళ్లు వింటారు. కుర్చీ చక్రం ఇసుకలో దిగిపోయినప్పుడు వెనక్కి తిప్పి లాగాలని ఆయనకు తెలుసు, ఎస్సైకి తెలియదు. చూపు కిందికి ఉండటం వల్ల నిలబడ్డవాళ్లకి కనిపించనిది ఆయనకి కనిపించొచ్చు, బల్ల కింద అంటుకున్న బురద రంగు లాంటిది. ఇలాంటి చోట ఆయన శరీరం దర్యాప్తుకి పనికొస్తే సహజంగా ఉంటుంది.

ఎస్సైకి ఎంత అధికారం ఉంటుంది?

ఊరి స్టేషన్‌కి సాధారణంగా ఎస్సైయే అధికారి, కానీ హత్య కేసుల దర్యాప్తు సీఐ చేతుల్లోకి వెళ్తుంది, పైన డీఎస్పీ పర్యవేక్షణ. అనుమానాస్పద మృతి కేసు మాత్రం ఎస్సై దగ్గరే ఉంటుంది. ఇది మీకు వరం. ‘ఇది హత్య’ అని రాసిన నిమిషంలో కేసు ఆమె చేతిలోంచి జారిపోతుంది. రాయకపోతే ఇంకొకరు చచ్చిపోతారు.

అవును, నేను ‘ఆమె’ అంటున్నాను. అమ్మాయిని ఎస్సైగా పెడితే మంచిదని నా అభిప్రాయం, కారణం చాలా మామూలుది. భర్త పోయిన ముసలావిడ, కోడలు, అంగన్‌వాడీ టీచరు, వీళ్లు మగ పోలీసుకి చెప్పని మాటలు ఆమెకి చెబుతారు.

ఇద్దరూ ఒకరినొకరు ఎలా పిలుచుకోవాలి?

ఆమె ‘సార్’ అంటుంది. ఆయన మొదట్లో ‘ఎస్సైగారూ’ అంటాడు, కొన్నాళ్లకి ‘అమ్మా’ అంటాడు. కానిస్టేబుళ్లు ‘మేడం గారండి’ అంటారు. ఊళ్లోవాళ్లు ప్రతి మాటకీ ‘ఆయ్, అండి’ తగిలిస్తారు, కోపంలో కూడా. ఎంత మర్యాదగా మాట్లాడుతున్నా నిజం దాచెయ్యగలరన్నది పక్క ప్రాంతం నుంచి పోస్టింగ్ వచ్చిన ఎస్సైకి ఆలస్యంగా తెలుస్తుంది. పేరుకి బదులు అస్తమానం హోదాతో పిలుచుకునే హిందీ సినిమా పోలీసుల పద్ధతి మాత్రం వద్దు.

నీళ్లు, కాలువలు కథలో ఎలా వాడాలి?

ఈ ప్రశ్న అడిగినవాళ్లందరికీ నేను గంట మాట్లాడతాను. డెల్టాలో దర్యాప్తు అంటే సగం నీళ్ల లెక్కే.

కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852లో పూర్తిచేసిన ధవళేశ్వరం ఆనకట్ట దగ్గరనుంచి తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకు ప్రధాన కాలువలు బయల్దేరతాయి. వాటినుంచి పిల్ల కాలువలు, బోదెలు, చివరికి మురుగు కాలువలు. ఎక్కడ ఏ తూము ఎన్ని అంగుళాలు ఎత్తారో కాలువలు చూసుకునే లస్కర్లకు తెలుసు. దాళ్వా, అంటే రెండో పంట, కాలంలో నీళ్లు చాలకపోతే వంతులవారీగా వదులుతారు. అంటే ఒక కాలువలో ఫలానా రోజుల్లోనే ప్రవాహం ఉంటుంది. శవం ఫలానా లాకు (కాలువ గేటు) దగ్గర తేలిందంటే, ఆ కాలువకి ఆఖరి వంతు ఎప్పుడు వచ్చిందో లస్కరుని అడిగితే, ఎక్కడ పడేశారో, ఏ రోజు పడేశారో ఒక అంచనా వస్తుంది. మీ డీసీఆర్‌బీ అధికారి లస్కర్ల రిజిస్టర్లు తెప్పించుకుని, శవాలు దొరికిన తేదీల పక్కన వంతుల తేదీలు రాసుకుంటూ కూర్చున్న సీన్ ఊహించుకోండి. కదలకుండా చేసే పని అది, అయినా ఊపిరి బిగబట్టి చదివించొచ్చు.

లాకుల దగ్గర, వంతెన స్తంభాల దగ్గర గుర్రపుడెక్క పేరుకుపోతుంది. దాని కిందికి వెళ్లిన శవం రోజుల తరబడి కనిపించదు. ఎండాకాలంలో మామూలుగా ఒక రోజులోనే పైకి తేలాల్సింది తేలకపోతే బరువు కట్టారా, డెక్క కింద ఇరుక్కుందా అని ఆలోచించాలి. పి.గన్నవరం దగ్గర వైనతేయ నది మీదుగా కాలువనే దాటించే అక్విడెక్టు ఉంది. కింద నది ఒకవైపు, పైన కాలువ ఇంకోవైపు. పై కాలువలోంచి పడిందో నదిలోనే కొట్టుకొచ్చిందో తేల్చలేని వస్తువు ఒకటి అక్కడ దొరికితే చాలు.

సముద్రం దగ్గరికి వెళ్లేకొద్దీ లెక్క మారిపోతుంది. అంతర్వేది, యానాం వైపు పోటు సమయంలో నీరు ఎగువకి వస్తుంది. శవం దిగువకే పోవాలన్న సూత్రం అక్కడ పనిచెయ్యదు. ఆటుపోట్ల వేళలు వేటకెళ్లే మత్స్యకారులకు నోటికొస్తాయి, వాళ్లని అడగకుండా పట్నం నుంచి వచ్చిన అధికారి గీసిన మ్యాపు తప్పవుతుంది.

వరద వస్తే ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది ఇస్తారు. చాకలిపాలెం దగ్గర కనకాయలంక కాజ్‌వే మునిగిపోతుంది, లంకలకి పడవలే దిక్కు. గట్టు మీద ఆనవాళ్లన్నీ కొట్టుకుపోతాయి. కొందరు క్లైమాక్స్ వరదలో పెడుతున్నారు. నాకు అంత నచ్చదు, వరద రాగానే అందరి కళ్లూ నీళ్ల మీదే ఉంటాయి, హంతకుడి మీద ఉండవు.

నీళ్లలో దొరికిన మనిషి మునిగి చనిపోయాడో, చంపి పడేశారో ఎలా తేలుస్తారు?

డయాటమ్ పరీక్ష అని ఒకటి ఉంది. నీళ్లలో కంటికి కనిపించని నాచు కణాలుంటాయి. మనిషి బతికుండగా నీళ్లు మింగి పీలిస్తే గుండె కొట్టుకుంటున్నంతసేపూ అవి రక్తంతో కలిసి ఎముక మూలుగ దాకా చేరతాయి. చచ్చాక పడేస్తే అంత లోపలికి చేరవు. దానితోపాటు శవం దొరికిన చోట నీళ్ల శాంపిల్ కూడా పంపాలి. తీపి నీటి కాలువలో ఉండే డయాటమ్‌లు, రొయ్యల చెరువు ఉప్పునీటిలో ఉండేవి ఒకటి కావు. శవం కాలువలో దొరికి, మూలుగలో ఉప్పునీటివి కనిపిస్తే, ఆ మనిషిని చెరువులో ముంచి తెచ్చి కాలువలో వేశారన్నమాట. ఈ పరీక్ష ఒక్కదాని మీదే కోర్టులో శిక్ష పడదు, దారి మాత్రం చూపిస్తుంది.

విషం అనుమానముంటే కడుపు, కాలేయం, మూత్రపిండాల ముక్కలు విసెరాగా ల్యాబ్‌కి పంపుతారు. వాటిని గాఢమైన ఉప్పు ద్రావణంలో భద్రపరుస్తారు. రిపోర్టు రావడానికి నెలలు పట్టొచ్చు. నవలలో మర్నాడే వచ్చేస్తే నేను నమ్మను. ఆ నిరీక్షణలోనే మీ కథ నడవాలి.

హత్య అనుమానమున్న శవాలకి మామూలుగా సూర్యాస్తమయం తర్వాత పోస్టుమార్టం చెయ్యరు. 2021లో కేంద్రం రాత్రిపూట చెయ్యడానికి అనుమతిచ్చినా హత్య, ఆత్మహత్య, కుళ్లిపోయిన శవాలు లాంటివాటిని మినహాయించింది. పాతిపెట్టిన శవాన్ని బయటికి తియ్యాలంటే మెజిస్ట్రేట్ ఉత్తర్వు కావాలి, మన దగ్గర సాధారణంగా తహసీల్దారు సమక్షంలో తీస్తారు. దహనం చేసేసి ఉంటే ఆ దారి మూసుకున్నట్టే. హంతకుడు ఎవరి ఇళ్లలో దహనం చేస్తారో చూసి మనుషుల్ని ఎంచుకుంటున్నాడని మీ అధికారి గ్రహించే ఘట్టం రాయగలిగితే వెన్నులో చలి పుడుతుంది.

కొత్త చట్టాల సెక్షన్లు వాడాలా?

కథ 2024 జూలై 1 తర్వాత జరిగితే వాడాలి. హత్య అంటే పాత ఐపీసీ 302 బదులు భారతీయ న్యాయ సంహిత 103. అనుమానాస్పద మృతికి పాత సీఆర్‌పీసీ 174 బదులు నాగరిక్ సురక్షా సంహిత 194. స్టేషన్లలో పాతవాళ్ల నోట ఇంకా ‘త్రీ నాట్ టూ’ అనే వస్తుంది, సంభాషణల్లో అలాగే ఉంచండి. ఏడేళ్లు, ఆ పైన శిక్ష పడే నేరాలకు ఫోరెన్సిక్ నిపుణులు ఘటనాస్థలానికి రావాలన్నది కూడా కొత్త సంహితలో ఉంది. క్లూస్ టీం వచ్చేలోపు ఊరు ఊరంతా గట్టు మీద నడిచేస్తుంది. చెప్పులు విప్పి పక్కన నిలబడండని ఎస్సై బతిమాలుకోవడం నిజానికి దగ్గరగా ఉంటుంది.

యానాంని ఎలా వాడుకోవచ్చు?

చక్కగా వాడుకోవచ్చు. గౌతమి ఒడ్డున, చుట్టూ ఆంధ్రప్రదేశ్ ఉన్నా యానాం పుదుచ్చేరిలో భాగం. పోలీసులు వేరు, పైకోర్టు మద్రాసు హైకోర్టు. ఎదుర్లంక వంతెన దాటితే మీ ఎస్సై మాట చెల్లదు. వెంటాడుతూ వెళ్లి పట్టుకునే అధికారం చట్టంలో ఉంది, కానీ ఇల్లు సోదా చెయ్యాలన్నా, సీసీ ఫుటేజీ కావాలన్నా అక్కడి స్టేషన్ సహకారం కావాలి. జీరో ఎఫ్‌ఐఆర్ ఎక్కడైనా నమోదు చెయ్యొచ్చు. మనలోనూ 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి. అంతకుముందు తూర్పు గోదావరి అనే ఒక్క పేరు కింద ఉన్న ఫైళ్లు కాకినాడ, అమలాపురం, రాజమహేంద్రవరం మధ్య చీలాయి. పాత చావు ఒకటి ఆ సమయంలోనే జరిగిందనుకోండి, ఫైలు ఎక్కడుందో వెతకడమే ఒక అధ్యాయం.

రాత్రిపూట సాక్షులు ఎవరుంటారు? పల్లెల్లో తొమ్మిదికే పడుకుంటారు కదా?

వరి పొలాల కాలంలో ఆ మాట నిజం. ఇప్పుడు రొయ్యల చెరువులు రాత్రంతా మేలుకుని ఉంటాయి. ఏరేటర్లు తిరుగుతుంటాయి, కాపలా మనిషి షెడ్డులో ఉంటాడు, దొంగతనాల భయంతో చాలాచోట్ల సీసీ కెమెరాలు పెట్టారు. పట్టుబడి, అంటే రొయ్యలు పట్టే పని, ఉన్న రాత్రి ఐసు లారీలు, కూలీలు, కాటా దగ్గర జనం. కాపలా మనుషుల్లో చాలామంది బయటి జిల్లాలవాళ్లు, బయటి రాష్ట్రాలవాళ్లు. వాళ్లని మొదట అనుమానితులుగానే చూస్తారు, సాక్షులుగా ఎవరూ అడగరు. మీ ఎస్సై అడగాలి.

నెల మొదటి తేదీ పింఛను ఇంటికి తెచ్చి ఇచ్చే సచివాలయం ఉద్యోగిని కూడా మర్చిపోకండి. ఒంటరిగా ఉండే ముసలాయన ఇంట్లో లేడని ముందు తెలిసేది ఆ ఉద్యోగికే. సంక్రాంతికి కోడిపందేల బరుల దగ్గర, కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థంలో, అంతర్వేది తీర్థంలో కొత్త ముఖాలు, చేతిలో డబ్బులు ఉంటాయి. హంతకుడు మనిషిని ఎంచుకోవడానికి అవి వీలైన చోట్లు.

హంతకుడు ఎవరై ఉండాలి?

ఎవరైనా కావచ్చు, పిచ్చివాడు మాత్రం వద్దు. మానసిక సమస్యలున్నవాళ్లు హింస చేసేదానికన్నా హింసకి గురయ్యేదే ఎక్కువ. హంతకుడికి కుంటికాలో ఒంటికన్నో పెట్టి భయపెట్టడం కూడా వద్దు. హీరోకి వైకల్యం పెట్టి గౌరవించి, విలన్‌కి అదే పెట్టి అసహ్యించుకోమంటే రెండోదే గుర్తుంటుంది. ఊరందరికీ సాయం చేసేవాడు, అందరిళ్లలో మంచినీళ్లు అడిగి తాగేవాడు, వాణ్ని రాయండి.

చివర్లో హంతకుడు ఎస్సై ముందు నేరం ఒప్పుకుంటే కథ ముగించొచ్చా?

ఒప్పుకోవచ్చు, కోర్టులో అది చెల్లదు. పోలీసుకి చెప్పిన నేరాంగీకారం సాక్ష్యం కాదని సాక్ష్య చట్టం ఎప్పటినుంచో అంటోంది, కొత్త సాక్ష్య అధినియమంలో అది 23వ సెక్షన్. కానీ వాడు చెప్పినదాన్ని బట్టి ఒక వస్తువు దొరికితే, ఆ దొరకడానికి కారణమైన మాట మేరకు తీసుకుంటారు. కాబట్టి ఒప్పుకోవడం దగ్గర ఆపకండి. మధ్యవర్తుల ముందు చెప్పించి, చూపించిన చోట తవ్వించండి. ఎన్‌కౌంటర్ ముగింపు నేను ఎవరికీ సలహా ఇవ్వను. చనిపోయినవాళ్ల ఇళ్లవాళ్లకి ఏం జరిగిందో కోర్టులో వినే హక్కు ఉంది, తుపాకీ ఆ హక్కు తీసేస్తుంది.

2019 కేసునే నవలగా రాసెయ్యొచ్చా?

ఆ కుటుంబాలు ఇక్కడే ఉన్నాయి, పిల్లలు చదువుకుంటున్నారు. పద్ధతిని అర్థం చేసుకోండి, మనుషుల్ని వదిలెయ్యండి.

కథ ఏ నెలలో మొదలుపెట్టాలి?

నన్నడిగితే మార్చి నెలాఖరులో. దాళ్వా కోతలకి వస్తుంది, ఏప్రిల్‌లో కాలువలు కట్టేస్తారు, నీళ్లు దిగుతాయి. ఏడాదంతా నీళ్ల కింద ఉన్నవి బయటపడతాయి: స్కూటరు, ఫోను, రాయి కట్టిన సంచి. పూడికతీత పనులు మొదలై మెషిన్లు దిగకముందే మీ ఎస్సై కాలువ అడుగంతా వెతకాలి. జూన్‌లో మళ్లీ నీళ్లు వదిలేస్తే ఇంకో ఏడాది దాకా ఏమీ దొరకదు, హంతకుడికీ ఆ సంగతి తెలుసు. నీళ్లు వదిలే తేదీని అధికారులు ముందే ప్రకటిస్తారు. ఆ తేదీని మొదటి అధ్యాయంలోనే డీసీఆర్‌బీ గోడ మీది క్యాలెండర్‌లో చుట్టించి, కుర్చీలో ఉన్న మనిషి చేతికి అందే ఎత్తులో ఆ క్యాలెండర్ తగిలించండి.